గేటు మీద రెండు దెబ్బలు

ఆ ఇంట్లో ఆఫీసు మాటలు చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలేసి రావాలి. అది అత్తగారు ఎప్పుడో పెట్టిన రూలు. ఆవిడకి ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు గానీ, ఈ రూలు మాత్రం చెక్కుచెదరలేదు. అందువల్ల, పార్కుని ఉద్యానశాఖ నుంచి నీటిసరఫరా శాఖకి బదలాయిస్తూ ఉత్తర్వు వచ్చిన సాయంత్రం, ఇచ్చే శాఖా పుచ్చుకునే శాఖా ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, కిక్కురుమనకుండా భోజనం చేశాయి.

ఇచ్చే శాఖ ఆ ఇంటి పెద్దకోడలు. ఆ పార్కుకి సూపర్‌వైజరు. పుచ్చుకునే శాఖ ఆమె మరిది. నీటిసరఫరాలో ఇంజనీరు. పార్కు అడుగున పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టే పని అతని నెత్తిన పెట్టారు. పెళ్ళి మాటెత్తితే ట్యాంకు పూర్తయ్యాక చూద్దాం అంటున్నాడు. ఇద్దరికీ మధ్య నిలబడవలసిన పెద్దకొడుకు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు కాబట్టి, ఈసారికి బతికిపోయాడు.

"కూర ఇంకాస్త వెయ్యనా?" అంది వదిన.

"చాలు వదినా."

"తిను. ముందు ముందు తవ్వాల్సింది చాలా ఉందిగా."

అత్తగారు తలెత్తింది. "ఏమిటే తవ్వేది?"

"ఏం లేదత్తయ్యా. కూర వెయ్యనా అంటున్నా."

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మళ్ళీ భోజనంలో పడింది. ఆవిడకి కారణాలు గుర్తుండవు గానీ, మొహాలు చదవడం ఇంకా వచ్చు.

భోజనాలయ్యాక మరిది గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నాడు. చెప్పులున్న చోటు కాబట్టి అక్కడ మాట్లాడొచ్చు. వదిన కూడా వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది.

"నా మీద కోపంగా ఉందా?" అన్నాడు.

"నీ మీద కాదు. పైవీధుల వాళ్ళు రోజు విడిచి రోజు బిందెలు పట్టుకుని నిలబడుతున్నారు. ట్యాంకు కావాలి. ఆ మాట నాకూ తెలుసు."

"మరి?"

"అత్తయ్య నడక సంగతేమిటి?"

"అమ్మకేం వదినా, నాకన్నా గట్టిగా ఉంది. పార్కు కాకపోతే ఇంకో వీధిలో నడుస్తుంది."

మరిది తెల్లవారకముందే పంపుహౌసుకి పోయి, దీపాలు పెట్టాక ఇంటికొచ్చే మనిషి. అతను చూసే అమ్మ బల్ల ముందు కూర్చుని శుభ్రంగా భోజనం చేసే అమ్మే. తన వీధి మలుపు దగ్గర నిలబడి, ఎటు తిరగాలో తెలియక కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించుకునే అమ్మని అతను చూడలేదు. ఆ అమ్మకి ఒంటరిగా పోయి ఒంటరిగా తిరిగి రావడం కుదిరే చోటు లోకంలో ఒక్కటే మిగిలింది, అది ఆ పార్కు. అదీ పోతే ఆవిడ ఇక గది మనిషి అయిపోతుంది. ఆ మాట పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. మరిది మొహం చూసి మింగేసింది. పగలంతా ఎండలో నిలబడి వచ్చిన మనిషికి ఈ కబురు కూడా ఇప్పుడే చెప్పాలా అనిపించింది.

పొద్దున్నే అత్తగారు శాలువా కప్పుకుని బయల్దేరింది. ఎవరైనా వెంట వస్తే ఆవిడకి ఒళ్ళుమంట. ఒకసారి కోడలు చెయ్యి పట్టుకుంటే, నేనేం తప్పిపోయే దూడనా అని వెనక్కి తిరిగి, ఆ రోజంతా మాట్లాడలేదు. అందుకని ఆవిడ ముందు వీధిలోంచి వస్తుంటే, కోడలు వెనక సందులోంచి వస్తుంది. మలుపు దగ్గర స్తంభం కనిపించేలా ఒక గోడ ఉంది. అక్కడ ఆగి, అత్తగారు సరైన వైపు తిరిగాక తను కదులుతుంది.

పార్కు గేటు దగ్గర ఉండే మనిషిని అందరూ ఈల అంటారు. పిల్లలు గడ్డి మీద బంతాడితే ఊదడానికి ఇచ్చిన ఈల అతని మెడలో వేలాడుతుంది గానీ, పిల్లలు బిక్కమొహం వేస్తారని ఎన్నడూ ఊదలేదు. అత్తగారు గేటు దాటగానే ఈల తాళంకప్ప తీసి, ఇనప చువ్వ మీద రెండు దెబ్బలు కొట్టాడు. తాళం తుప్పు రాలగొడుతున్నట్టుంది చూసేవాళ్ళకి. ఆ చప్పుడుకి కంచెమొక్కల మలుపు దగ్గర ఊడుస్తున్న పార్కు పనిమనిషి చిన్నక్క నడుం ఎత్తింది. పెద్దావిడ మలుపు దాకా వచ్చి, కుడివైపు తిరిగేదాకా కళ్ళతో పట్టుకుని, చీపురు మడమని నేలకేసి టప్పుటప్పుమని కొట్టి పుల్లలు సమం చేసుకుంది. అది విని నీళ్ళు రాని ఫౌంటెన్ దగ్గర మొక్కలు తడుపుతున్న ముసలి తోటమాలి పైపు వదిలేశాడు. ఆవిడ ఫౌంటెన్ చుట్టూ తిరిగి చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాక, బోర్లించిన రేకు డబ్బా మీద వేళ్ళతో దరువేశాడు. అంటే చేరింది అని.

ఇదంతా ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. ఎవరి పని చోటు వాళ్ళు వదిలి రాకూడదు గనక, చప్పుళ్ళే అటూ ఇటూ తిరిగేవి. తిరుగుదారిలో ఇదే వరస వెనక నుంచి ముందుకు. పెద్దావిడకి ఏమీ తెలియకూడదన్నది వాళ్ళ పంతం. తెలిస్తే రావడం మానేస్తుందని చిన్నక్క భయం.

ఆ రోజే కొలతలకి మరిది తన మనుషులతో వచ్చాడు. సున్నం, మేకులు, తాడుచుట్టలు, పెద్ద టేపు. అందరి ఎదుటా వదినని చూసి తల వంచి, "రండి మేడమ్, మొదలుపెడదాం" అన్నాడు. పొద్దున ఆమె ఉతికి మడతపెట్టిన చొక్కానే తొడుక్కుని ఉన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది గానీ, "రండి సర్" అంది.

బదలాయింపుకి పద్ధతి ఒకటుంది. నేలలో పాతుకున్నవన్నీ కొత్త శాఖకి పోతాయి. కదిలేవన్నీ పాత శాఖతో వెనక్కి వస్తాయి. బల్లలు, దీపస్తంభాలు, కుళాయిలు పోతాయి. పారలు, పైపులు, కుండీలు వస్తాయి. ఉయ్యాల దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. దాని స్తంభాలు పాతుకున్నవి, పీట కదిలేది. ఇంజనీరు గారు గడ్డం గోక్కున్నాడు.

"ఉయ్యాల మాకు, ఊగడం మీకు అన్నమాట" అన్నాడు చివరికి.

అతని మనుషులు నవ్వారు. ఆమె కూడా నవ్వి, "ఫౌంటెన్ కూడా మీదే సర్. నీళ్ళ శాఖ చేతిలో పడ్డాకైనా దాంట్లో నీళ్ళొస్తాయేమో చూద్దాం" అంది.

అలా తిరుగుతూ తిరుగుతూ చెట్టు కింద బల్ల దాకా వచ్చారు. అతని మనుషులు మేకులు దిగ్గొట్టి, సున్నం పూసిన తాడుని దారికి అడ్డంగా లాగి కట్టారు. తాడుకి అవతల తవ్వకం. దారీ బల్లా రెండూ అవతలే పడ్డాయి.

"ఈ దారి వరకు తాడుకి ఇవతల వదిలెయ్యండి సర్. బల్ల దాకా చాలు."

"నక్షాలో అలా లేదు మేడమ్. ఒకరి కోసం జరిపితే రేపు ఇంకొకరు అడుగుతారు."

"ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు."

మరిది తన మనుషుల వైపు ఒకసారి చూశాడు. టేపు చుట్టుకుంటూ, "అమ్మ కోసం జరిపానంటే నన్ను ఉంచుతారా మేడమ్?" అన్నాడు మెల్లిగా.

"మరి మా పనివాళ్ళ మాటేమిటి? గేటు మనిషి, ఊడ్చే ఆమె, తోటమాలి?"

"వాళ్ళు కదిలేవాళ్ళు కదా. మీతో వచ్చేస్తారు."

అతను అన్నదాంట్లో తప్పులేదు. రూలు అదే. అయినా ఆమెకి పారల పక్కన చిన్నక్కని నిలబెట్టి లెక్క రాసినట్టు అనిపించింది. ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర ఇంకాస్త వెయ్యనా అని అడగలేదు. మరిదీ అడగలేదు. అత్తగారే గిన్నె ముందుకి జరిపి, ఇద్దరికీ వడ్డించింది.

మర్నాడు పనిముట్లు తీసుకుపోవడానికి లారీ వస్తుందన్నారు. అది రాకముందే సామాను సిద్ధం చెయ్యాలని పెద్దకోడలు పొద్దున్నే ముగ్గురినీ షెడ్డు దగ్గరికి పిలిచింది. అత్తగారు బయల్దేరేలోగా అయిపోతుందని ఆమె అంచనా. అయిపోయేదే. ఒక పార దగ్గర తగువొచ్చింది. పిడికి తన చేతి అరుగుదల ఉందని తోటమాలి, అది తను పక్క పార్కు నుంచి తెచ్చుకున్నదని ఈల. చిన్నక్క మధ్యలో దూరి, పార ఎవరిదైనా తవ్వింది తనేనంది. ముగ్గురికీ నిజానికి పార మీద కోపం కాదు. రేపటి నుంచి ఎవరెక్కడ పడతారో తెలియని దిగులుని ఎవరో ఒకరి మీద చూపించాలి. అది అర్థమై, పెద్దకోడలు వాళ్ళని కసరకుండా ఊరుకుంది.

ఊరుకుని, షెడ్డు గడప మీదికి చూసింది. ఎండ గడప దాటి లోపలికొచ్చేసింది. అత్తగారు బయల్దేరే వేళ దాటిపోయింది.

"గేటు దగ్గర ఎవరున్నారు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. తెరిచిపెట్టి వచ్చిన గేటు, చప్పుడు లేని మలుపు, ఖాళీ ఫౌంటెన్. చిన్నక్క చేతిలోని చీపురు అక్కడే పడేసి పరిగెత్తింది. ఈల వీధిలోకి పోయాడు. పెద్దకోడలు బల్ల వైపు పరిగెత్తింది. బల్ల మీద ఎవరూ లేరు. దారికి అడ్డంగా నిన్న కట్టిన తాడు మాత్రం మెల్లిగా ఊగుతోంది.

తాడు వెంట చూస్తే, దూరంగా వెనక గోడ మూల, చివరి మేకు దగ్గర బూడిదరంగు శాలువా కనిపించింది. తన పిలుపు వల్లే ఇదంతా జరిగిందని తిట్టుకుంటూ ఆమె అటు నడిచింది. అవతల నుంచి టేపు భుజాన వేసుకుని మరిది వస్తున్నాడు. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి చేరారు.

అత్తగారు రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉంది. దారి మూసి ఉంటే, తాడునే దారి అనుకుని పట్టుకుని వచ్చేసింది. తాడు అయిపోయిన చోట ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇది ఎక్కడిదాకా ఉందో చూద్దామని వచ్చారా. ఇక్కడితో అయిపోయింది."

"అయితే ఇంటికి పోవచ్చుగా. ఎంతసేపు నిలబడ్డావిలా?"

"ఎలా పోను? ఇవాళ గేటు కొట్టలేదుగా."

మరిదికి అర్థం కాలేదు. వదినకి అర్థమైంది.

"గేటు కొట్టడమేమిటమ్మా?"

"ఈల ఉన్నాడే, గేటు మీద రెండు కొడతాడు. అంటే తిన్నగా పొమ్మని. ఊడ్చే పిల్ల చీపురు కొడుతుంది. ఆ చప్పుడు నా కుడిచెవికి వినబడితే సరైన వైపు తిరిగానని. ఇక డబ్బా వాయించే ఆయన ఉన్నాడు, వాయింపు బాగుంటుంది. వాళ్ళ చప్పుళ్ళు పట్టుకుని పోతాను, వస్తాను. ఇవాళ ఎవరూ ఏమీ కొట్టలేదు. నాకేం తెలుస్తుంది?"

"మీకు తెలుసా అత్తయ్యా?" అంది కోడలు.

"నాకున్నది మతిమరుపే. చెవుడు కాదు."

"మరి ఎప్పుడూ అనలేదే."

"అంటే మానేస్తారు. నాకు తెలియకుండా చేస్తున్నామని వాళ్ళకి ఎంత సంబరమో. పాపం, ఎందుకు చెడగొట్టడం?" అని, ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు కూడా వాళ్ళతో అనకు."

మరిది ముందుకొచ్చాడు. తల్లి చేతులు తాడు మీద నుంచి ఒక్కొక్క వేలే విడదీశాడు. అరచేతులు రెండూ సున్నంతో తెల్లగా ఉన్నాయి. జేబురుమాలు తీసి, కుళాయి దాకా తీసుకుపోయి తడిపి తుడిచాడు. ఒకసారి తుడిస్తే పోయే సున్నాన్ని చాలాసేపు తుడిచాడు. అతని కళ్ళ వైపు చూడకూడదని వదిన ఫౌంటెన్ కేసి తిరిగింది. అంత పెద్దవాడు, ఆమెకి అప్పుడు చంటిపిల్లాడిలా కనిపించాడు, దగ్గరికి తీసుకోవాలనిపించింది. చుట్టూ అతని మనుషులు ఉన్నారని ఆగింది.

తిరుగుదారిలో ఎవరూ చెప్పకుండానే డబ్బా మోగింది. చీపురు కూడా మోగింది. వీధంతా వెతికి రొప్పుతూ వచ్చిన ఈల గేటు మీద రెండు దెబ్బలు కొట్టాడు. అత్తగారు ఏమీ ఎరగనట్టు తలెత్తుకుని దాటిపోయింది.

అప్పగింత ఆ మధ్యాహ్నమే జరిగింది. రెండు శాఖల పెద్దలు షెడ్డు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒకరు చదువుతుంటే ఒకరు సరే అంటున్నారు. దీపస్తంభాలు సరే. కుళాయిలు సరే. ఫౌంటెన్, పనిచేయనిది, సరే. సంతకాల దగ్గరికొచ్చేసరికి ఇంజనీరు గారు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎందుకు చెప్పలేదు వదినా?"

పెద్దలిద్దరూ తలెత్తి చూశారు. మేడమ్ అనడం మర్చిపోయానని అతనికి తట్టనేలేదు.

"చెబితే అత్తయ్యకి ఇలా ఉందని నువ్వు ఒప్పుకోవాల్సి వస్తుంది. అది నీకు కష్టం కదా అనుకున్నాను" అంది ఆమె. కాగితాలు అతని ముందుకి జరిపి, "సంతకం పెట్టండి సర్, లారీ ఆగి ఉంది" అంది.

అతను పెట్టాడు. ఆమె పెట్టింది. పార్కు చేతులు మారిపోయింది. ఆకు ఒక్కటి కదల్లేదు.

పారలూ పైపులూ లారీ ఎక్కాయి. తోటమాలి డబ్బా చంకలో పెట్టుకుని ఎక్కబోయి, ఏమనుకున్నాడో దిగి, దాన్ని ఫౌంటెన్ గట్టు మీద బోర్లించి వచ్చాడు. చిన్నక్క చీపురు కూడా లారీలో కనిపించలేదు. సూపర్‌వైజరుగా అడగాల్సిందే. పెద్దకోడలు అడగలేదు. గేటు దగ్గర ఈల, మరిదికి తాళం అప్పగిస్తూ చాలాసేపు ఏదో చెబుతున్నాడు. మరిది వంగి శ్రద్ధగా వింటున్నాడు. తుప్పుపట్టిన తాళం, తిప్పే ఒడుపు చెబుతున్నాడు కాబోలు అనుకుంది ఆమె. ముగ్గురినీ ఊరి అవతలి నర్సరీకి వేశారు, ఆమెని శాఖ ఆఫీసుకి. లారీ కదులుతుంటే చిన్నక్క మొహం తిప్పుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి మరిది గది ఖాళీగా ఉంది. ఎప్పటిలా పంపుహౌసుకి పోయి ఉంటాడు. అత్తగారు శాలువా కప్పుకుంటోంది.

"అత్తయ్యా, ఇవాళ్టికి ఇంట్లోనే నడుద్దాం. వరండాలో."

"వరండాలో నువ్వు నడువు" అని ఆవిడ చెప్పులేసుకుంది.

కోడలు కొత్త ఆఫీసుకి ఆలస్యమైతే కొంప మునగదనుకుని, వెనక సందులోంచి పరుగులాంటి నడకతో పోయింది. గోడ దగ్గర ఆగింది. అత్తగారు స్తంభానికి చెయ్యి ఆనించి, ఇటూ అటూ చూసి, సరైన వైపే తిరిగింది. గేటు కనిపిస్తోంది. అక్కడ తెలియని కాపలావాడెవడో నిలబడి, లోపలికి పోకూడదంటాడని, అప్పుడు ఆ మొహం ఎలా అయిపోతుందోనని కోడలు గోడని వదిలి ముందుకి నడిచింది.

గేటు మీద రెండు దెబ్బలు వినబడ్డాయి.

కొట్టిన తీరు కొత్తగా ఉంది. మొదటిది మరీ గట్టిగా, రెండోది భయం భయంగా. గేటు స్తంభం వెనక, ఇస్త్రీ చొక్కా, ఆఫీసు బూట్లతో మరిది తాళంకప్ప పట్టుకుని, తుప్పు పరీక్షిస్తున్నట్టు వంగి ఉన్నాడు. అత్తగారు అతని వైపు చూడకుండా దాటింది. దాటగానే అతను తాళంకప్ప వదిలేసి, కంచెమొక్కల వెనక నుంచి మలుపు వైపు పరుగు తీశాడు. ఒంటరి మనిషి, చెయ్యాల్సింది ముగ్గురి పని.

కోడలు గేటు దగ్గరికొచ్చి లోపలికి చూసింది. సున్నపు తాడు జరిగి ఉంది. దారీ, ఫౌంటెనూ, చెట్టు కింద బల్లా తాడుకి ఇవతల ఉన్నాయి. మేకుల పాత గుంతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నక్షాకి ఏం సమాధానం చెబుతాడో, పైవాళ్ళు ఏమంటారో ఆమెకి తెలియదు. సాయంత్రం మెట్ల మీద అడగాలి.

దారిలో అత్తగారు ఆగింది. వంగి చెప్పు పట్టీ సర్దుకుంది. పట్టీ బాగానే ఉంది. అయినా తీసి మళ్ళీ పెట్టింది. కంచె వెనక బూట్ల చప్పుడు, రొప్పు, తర్వాత ఏదో కింద పడిన చప్పుడు, ఆ తర్వాత చీపురు మడమ నేలకి తగిలిన చప్పుడు. అప్పుడు ఆవిడ నడుం ఎత్తి, కుడివైపు తిరిగింది.

తిరుగుతూ, వెనక్కి చూడకుండానే అంది.

"వాడికి చిన్నప్పట్నుంచీ పరుగు రాదే. నువ్వూ కాస్త మెల్లిగా నడువు."